ఏ ఏటి మాట అది?



మొన్న ఫోన్లో ఒక మాటన్నావు. "ఇరవై ఏండ్ల సంది ఈడ ఉన్నోళ్ళకు తెల్వదా మామా?" అని. నేను జవాబు చెప్పలేదు. మీ అవ్వ పక్కనే కూచుని బీడీలు చుడుతున్నది. ఆమె ముందు ఆ ముచ్చట తీయబుద్ధి కాలేదు. నువ్వు కంపెనీ పేరెత్తడం మానేసి నెల దాటింది. రూములో అన్న ఇట్లన్నడు, అన్న అట్లన్నడు, ఇదే వింటున్నాను. అందుకే కాగితం మీద రాసి ఫొటో పంపుతున్నాను. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

ఆ అన్న మాట వినొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. నేను 1992లో బొంబాయి మీదుగా, నువ్విప్పుడున్న దుబాయికే పోయినప్పుడు మా రూములో పన్నెండు మందిమి. కోరుట్ల దిక్కు పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, 1978లో వచ్చినవాడు. అందరం కాకా అనేవాళ్ళం. దప్పికయ్యేదాకా ఆగకుండా గంటగంటకూ కొన్ని నీళ్ళు తాగాలని, నీళ్ళలో ఇంత ఉప్పేసి నిమ్మకాయ పిండుకోవాలని, రుమాలు తడిపి మెడకు చుట్టుకోవాలని, పొద్దెక్కినాక ఇనుప చువ్వలు ఉత్త చేత్తో ముట్టొద్దని ఆయనే నేర్పాడు. భివండిలో మగ్గం నడిపి వచ్చిన పిల్లగాడొకడు ఇవేవీ చెవిన పెట్టలేదు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం స్లాబు మీదనే కూలిపోయాడు. చొక్కా విప్పి చూస్తే చుక్క చెమట లేదు, ఒళ్ళు పెనంలాగా కాలుతున్నది. కాకే వాణ్ణి భుజానేసుకుని కిందికి దించాడు. వాడు బతికాడు. ఇప్పుడైతే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న చట్టముంది. మాకది లేదు. మాకు కాక మాటే చట్టం.

ప్రాణం కాపాడే మాటలు చెప్పిన మనిషి, 1994లో నన్ను పక్కకు పిలిచి "కంపెనీ ఇచ్చే నాలుగు వందల దిర్హమ్‌లల్ల నీకు మిగిలేదేంది? బయటికి రా. కల్లివెల్లి అయితే, కాగితాలు లేకుండ బయట పనికి పోతే, దినానికి నలభై దొరుకుతది" అంటే నేను ఎందుకు కాదంటాను? పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే వదిలి, ఒక రాత్రి చేతి సంచితో బయటపడ్డాను.

ఆయన నన్ను మోసం చేయలేదు అల్లుడా. నా దగ్గర దిర్హమ్ తీసుకోలేదు. ప్రేమతోనే చెప్పాడు. ఆయన వచ్చిన కొత్తలో బయట పని చేసేవాళ్ళను అడిగే దిక్కే లేదట. ఆయన కూడా రెండేండ్లు అట్లా చేసి, తర్వాత కాగితాలు చేయించుకున్నాడు. అది నిజమే, కాని 1978 నాటి నిజం. ఆ తర్వాత ఆయన ఎవరినీ అడిగి చూసుకోలేదు. 1996లో ఆమ్నెస్టీ పెట్టారు. కాగితాలు లేనివాళ్ళు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చన్నారు. నేను సంచి సర్దుకున్నాను. "ఇసొంటియి ఎన్ని జూసిన. ఏం గాదు, కూసో" అన్నాడు కాక. కూర్చున్నాను. మళ్ళీ 2003 ఆమ్నెస్టీలో ఔట్‌పాస్ చేతికి వచ్చేదాకా కూర్చున్నాను.

ఈ నడుమ, 1999లో, మీ తాత పోయాడు. దేరాలో నాసర్ స్క్వేర్ దగ్గర కార్డు ఫోనులోంచి మన బస్టాండు ఎస్టీడీ బూతుకు చేశాను. మీ అవ్వ ఎత్తింది. ఆమెకు మాట రాలేదు. అప్పుడే పాడె బూతు ముందుకు వచ్చింది. మీ అవ్వ రిసీవరు తలుపు బయటికి పట్టుకున్నది, తీగ ఎంత సాగితే అంత. డప్పులు దగ్గరికొచ్చినై, దూరం పోయినై. కార్డులో పైసలు తగ్గుతూ తగ్గుతూ ఫోను ఆగిపోయింది. పెద్దకొడుకును నేనుండగా తలకొరివి మీ చిన్నమామ పెట్టాడు. డప్పు వినబడితే ఇంట్లోకి ఎందుకు పోతావు మామా అని చిన్నప్పుడు నువ్వు అడిగేవాడివి. ఇదీ సంగతి.

బయటికి రమ్మన్న రోజే కాకను నేను ఒక్క మాట అడగాల్సింది. "కాకా, ఇది నీకు ఏ ఏట తెలిసింది? ఈ మధ్య ఎవరినన్నా అడిగినవా?" అట్లా అడిగితే పెద్దమనిషిని తక్కువ చేసినట్టని నోరు మూసుకున్నాను. ఇంకొకటి కూడా ఈ వయసులో తోస్తున్నది. మేము పోతే రూములో ఆయన ఒక్కడే మిగిలేవాడు. ఏండ్ల తరబడి ఉన్నవాళ్ళందరూ తెలివితో ఉన్నవాళ్ళే కాదు. తిరిగి పోలేక ఉన్నవాళ్ళున్నారు. క్యాంపు, బస్సు, సైటు తప్ప ఆ దేశంలో ఏమీ చూడనివాళ్ళున్నారు. వాళ్ళకు తోడు కావాలి.

మాకు అడుగుదామన్నా మనిషి దొరికేవాడు కాదు. క్యాసెట్లో గొంతు నింపి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి, వాడు తిరిగొచ్చేదాకా ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, ఫోనులో అందరూ గురువులే. మూడేండ్లున్నవాడు కారు ముందు నిలబడి వీసాల గురించి పాఠం చెప్తాడు. దాన్ని మీ ఈడు పిల్లలు నిద్ర మానుకుని చూస్తారు. సొంతంగా సంతకం పెట్టిన కాగితం మాత్రం ఒక్కడూ చదవడు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతున్నది.

ఇగ విను. పాస్‌పోర్టు ఎవరి దగ్గరున్నది? కంపెనీ పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అడిగి తెచ్చుకో. కాంట్రాక్టు, లేబర్ కార్డు, జీతం స్లిప్పులు అన్నీ ఫొటో తీసి నాకు పంపు. జీతాలు బ్యాంకు ద్వారా వేయాలన్న పద్ధతి 2009లోనే వచ్చింది. రాసిన దానికంటే తక్కువ పడితే లేబర్ మినిస్ట్రీలో ఫిర్యాదు చెయ్యి. కంపెనీ మారాలంటే మారు, సక్కటి దారి ఉన్నది. 2022 ఫిబ్రవరి నుంచి అమలైన చట్టంలో ప్రొబేషన్ ఆరు నెలలు దాటొద్దు. ఆ లోపల అక్కడే ఇంకో కంపెనీకి పోవాలంటే నెల ముందు రాసి ఇవ్వాలి. చెప్పకుండా పోతే పరారీ అయినట్టు రాస్తారు. వీసా పోయి గడువు దాటితే దినానికి 50 దిర్హమ్‌ల జరిమానా, నెలకు 1,500. నువ్వు బయట సంపాదించేది దానికే సరి. పోయేటప్పుడు కట్టిన ప్రవాసీ బీమా ఉన్నది కదా, ప్రమాదంలో ప్రాణం పోతే పది లక్షలది, దాని గడువు కూడా చూడు.

నా మాట మీద కూడా ఊకే నడవకు. నేను వచ్చేసి ఇరవై ఏండ్లు దాటింది. మన కాన్సులేట్ వాళ్ళ సహాయ కేంద్రం నంబరు 800 46342, పైసలు పడవు. ఇందులో ప్రతి ముక్కా వాళ్ళను అడిగి, వాళ్ళేమన్నారో నాకు చెప్పు.

ఏజెంటుకు కట్టిన అప్పు మిత్తి తలుచుకుని నీకు నిద్ర పట్టడం లేదని, కంపెనీ వదిలి బయటపడాలన్న ఆలోచన అక్కణ్ణుంచే పుట్టిందని నాకు తెలుసు. వచ్చే ఆరు నెలల మిత్తి నేను కడతాను. మీ అవ్వకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

గురువారం మెట్‌పల్లి పిల్లగాడొకడు అటు వస్తున్నాడు. మామిడికాయ తొక్కు రెండు డబ్బాలు కట్టించాను. ఒకటి ఆ అన్నకు ఇయ్యి. ఎండకాలం ఎట్లా గడపాలో ఆయన దగ్గర కూర్చుని నేర్చుకో. పాస్‌పోర్టు ఫొటో మాత్రం ఆదివారం రాత్రికల్లా నాకు రావాలె.

మీ మామ