వాయిదా

డిసెంబరు నడిమి వారంలో ఒక సాయంత్రం ఏడు గంటలకి మా మనవరాలు తన గది తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో, మా అబ్బాయి ఇల్లు. మెట్ల కింద మేం నలుగురం ఏదో పని ఉన్నట్టు నిలబడి ఉన్నాం. నాలుగు నిమిషాలకి తలుపు తీసి, "డిఫర్ చేశారు" అని మళ్లీ వేసుకుంది.

దాన్ని మా ఆవిడకి తెలుగులో చెప్పడం నా వంతయింది. "వాయిదా వేశారట" అన్నాను. "అంటే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అంది. ఆ తర్వాత వారం రోజులూ ఆ ఇంట్లో తిరిగింది ఆ ప్రశ్నే.

ఇక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ముందస్తు దరఖాస్తు అని ఒకటుంటుంది. నవంబరు 1 కల్లా పంపితే డిసెంబరు మధ్యలో జవాబొస్తుంది. సీటు ఇచ్చాం, ఇవ్వలేదు, వాయిదా వేశాం: ఈ మూడిట్లో ఒకటి. మూడోది వస్తే ఆ దరఖాస్తుని తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో కలిపి మళ్లీ చదువుతారు. తేలేది మార్చి నెలాఖరుకి.

ఆ రాత్రి అన్నం దగ్గర నేను అన్నాను, "మొదటే ఇంకాస్త తేలికైన చోటికి పెట్టుకుని ఉంటే బాగుండేదేమో" అని. అనకూడని మాట. గుంటూరులో ముప్పై నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఫలితాల రోజున పిల్లల ముందు ఏం మాట్లాడకూడదో తెలిసినవాణ్ణి. తెలిసే అన్నాను. ఆ పిల్ల కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

మూడో రోజు తనే నా గదికి వచ్చి మంచం చివర కూర్చుంది.

"తాతయ్యా, మీ దగ్గర ర్యాంకులు ఇస్తారు కదా?"

"ఇస్తారు. 1986లో ఎంసెట్ పెట్టినప్పటి నుంచీ మా ఊళ్లలో ఇళ్లన్నీ ఆ ర్యాంకు చుట్టూనే తిరిగాయి. ఇప్పుడు పేరు మార్చారు గానీ తిరగడం మారలేదు."

"అదే నయం. నాలుగు వేలొస్తే నాలుగు వేలని తెలుస్తుంది. నాకేం తెలిసింది?"

"తెలియడం మంచిదే. కానీ నా దగ్గర చదివినవాళ్లు, జుట్టు నెరిసినవాళ్లు, ఇప్పటికీ కనిపిస్తే 'మాస్టారూ, అప్పుడు నాకు పదకొండు వేలు' అని పరిచయం చేసుకుంటారు. మూడు గంటల పరీక్ష తాలూకు అంకె అది. ముప్పై ఏళ్లుగా దాన్ని మోస్తున్నారు. నీకు అంకె రాలేదు, ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో నువ్వే ఏదో రాసుకుంటున్నావు."

"రాసుకోకుండా ఎలా ఉంటాను? 2023లో ఎంఐటీకి ముందస్తుగా పెట్టినవాళ్లు 12,563 మంది. ఇచ్చింది 661 మందికి. వేలమందిని డిఫర్ చేశారు. నేను పెట్టింది అక్కడికి కాదు, కానీ ఇక్కడా అదే కథ. ఆ కొద్దిమందిలో నేను లేను. అంటే సరిపోలేదనేగా."

"సరిపోలేదనుకుంటే ఆ మాటే చెప్పేవాళ్లు. దానికి వాళ్ల దగ్గర వేరే జవాబుందిగా."

ఆమె నవ్వలేదు. "కొన్ని కాలేజీలు మొహమాటానికి డిఫర్ చేస్తాయి తాతయ్యా. కాదని మొహం మీద చెప్పలేక. నాది ఏ రకమో నాకు తెలియదు. ఆశ పెట్టుకోవాలా, మానెయ్యాలా? అదొక్కటి చెప్పు. గీత మాత్రం చెప్పకు."

నిజానికి గీతే నోటి దాకా వచ్చింది. మింగేశాను. కర్మ చెయ్యి, ఫలం వదిలెయ్యి అని పదిహేడేళ్ల పిల్లకి చెప్పే పెద్దవాళ్లం, ఆ ఫలం కోసమే పదేళ్లుగా కారులో ఎక్కించుకుని క్లాసు నుంచి క్లాసుకి తిప్పాం. మన నోట ఆ మాటకి విలువేముంటుంది? అందుకని మా నాన్న సంగతి చెప్పాను.

మాది పల్నాడు వైపు పల్లెటూరు. నాన్నకి మూడున్నర ఎకరాలు. అందులో గట్టు పక్క అరెకరం మీద దాయాదులతో తగాదా వచ్చి కోర్టుకెక్కింది. వాయిదా అనే మాట నేను మొదట విన్నది అక్కడే. నాన్న తెల్లారకముందే లేచి, చద్దన్నం తిని, కాగితాల సంచీ చంకన పెట్టుకుని బస్సెక్కేవాడు. పొద్దువాలాక వచ్చేవాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ అడిగేది, "ఏమైంది?" "వాయిదా." ఆ ఒక్క మాట తర్వాత ఇంట్లో దీపం పెట్టేదాకా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

మొదటి ఏడాది నాన్న మిగిలిన మూడెకరాలనీ పట్టించుకోలేదు. ఇది తేలనీ, తర్వాత చూద్దాం అనేవాడు. కలుపు తీయించలేదు. పత్తికి పురుగు పడితే మందు కొట్టించలేదు. తగాదాలో ఉన్నది అరెకరం, బీడు పడినంత పనైంది చేనంతా. ఆ ఏడు మా ఇంట్లో ఏం తిన్నామో మా అక్క ఇప్పటికీ చెబుతుంది. రెండో ఏడు అమ్మ దెబ్బలాడిందో, ఆయనకే అనిపించిందో తెలియదు, మళ్లీ నాగలి కట్టాడు. అప్పటి నుంచి వాయిదా ఉన్న రోజు కోర్టుకి వెళ్లేవాడు, లేని రోజు చేలోకి వెళ్లేవాడు.

"అంటే ఓపిక పట్టమంటావు."

"మా నాన్నకి ఓపికెక్కడిది? వాయిదా ముందు రాత్రి కంటి మీద కునుకుండేది కాదు. దాయాదిని తిట్టేవాడు, ప్లీడరుని తిట్టేవాడు. ఆశ వదులుకోలేదు, బాధా మానలేదు. వాటికి కొన్ని రోజులు ఇచ్చాడు. అన్ని రోజులూ ఇవ్వలేదు."

"గెలిచాడా?"

"తొమ్మిదేళ్ల తర్వాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. పావెకరం వచ్చింది."

"సగమేనా?"

"సగమే. కానీ ఆ తొమ్మిదేళ్లలో ఎనిమిది పంటలు తీశాడు."

ఆమె కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బయట పక్కింటివాళ్ల రంగు బల్బులు వెలిగి ఆరుతున్నాయి. తర్వాత ఫోను తెరిచి ఒక ఉత్తరం చూపించింది. ఇంకా ఆసక్తి ఉందని విశ్వవిద్యాలయానికి రాసే ఉత్తరం. వాయిదా పడ్డవాళ్లలో చాలామంది రాస్తారట. కొన్ని చోట్ల దానికి ప్రత్యేకంగా ఒక ఫారం కూడా ఉంటుందట, ఎంఐటీలో ఫిబ్రవరిలో నింపాలట. స్కూల్లో కౌన్సెలరు చెప్పింది చిన్నదే: కొత్తగా ఏం చేశావో రాయి, ఇస్తే వస్తానని రాయి, ఒక పేజీ దాటకు.

ఉత్తరం నిండా పొగడ్తలు. వాళ్లు గొప్పవాళ్లు, తన ఆసక్తి చెక్కుచెదరలేదు, అక్కడ చదవడం చిన్ననాటి కల.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?"

"రాయడానికి కొత్తగా ఏం లేదు తాతయ్యా. నవంబరు నుంచి ఇప్పటికి నెలన్నర. బహుమతులేం రాలేదు."

ఇక్కడ నాకు నా సబ్జెక్టు దొరికింది. "ఎక్స్ స్క్వేర్ మైనస్ ఒకటిని ఎక్స్ మైనస్ ఒకటితో భాగించు. ఎక్స్ ఒకటైతే ఎంత?"

"జీరో బై జీరో. విలువ లేదు. కానీ లిమిట్ రెండు."

"తెలుగులో దాన్ని అవధి అంటాం. గడువుని కూడా అవధి అనే అంటాం. సరిగ్గా ఆ బిందువు దగ్గర నిలబడి విలువెంత అని అడిగితే అది చెప్పదు. చుట్టుపక్కల ఎలా నడుస్తోంది, ఎటు పోతోంది అని అడిగితే చెబుతుంది. డిసెంబరు మధ్యలో నీ విలువెంతని అడిగితే ఎవరికీ తెలియదు. నవంబరు నుంచి ఎటు నడిచావో నీకు తెలుసు."

ఆమె వెంటనే పట్టుకుంది. "అది తప్పు పోలిక. ఆ రెండు అనే జవాబు ఫంక్షన్ లోపలే ఉంది. నా జవాబు నా లోపల లేదు. ఎక్కడో కమిటీ గదిలో ఉంది."

నిజం. అలాంటి పిల్ల క్లాసులో ఉంటే పాఠం చెప్పేవాడికి పండగ. కొంచెం ఆలోచించి అన్నాను, "సీటు జవాబు వాళ్ల గదిలోనే ఉంది. దాని గురించి నేనేం చెప్పలేను. నువ్వెవరివన్న జవాబు కూడా అక్కడే ఉందా?"

చాలాసేపు మాట్లాడలేదు. "రెండూ ఒకటే ప్రశ్న అనుకున్నాను" అంది చివరికి.

"అనుకోలేదమ్మా. మేం నేర్పాం."

ఈ ముందస్తు పద్ధతి మీద నాకు కోపముంది, అది కూడా ఆమెతో అన్నాను. 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా విశ్వవిద్యాలయాలు దీన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించాయి. ముందే సమాచారం తెలిసిన, డబ్బున్న ఇళ్ల పిల్లలకే ఇది మేలు చేస్తోందన్నాయి. 2011 కల్లా మూడూ తిరిగి తెచ్చుకున్నాయి. మనవరాలు దానికి తలూపి, తన స్నేహితురాలి మాట చెప్పింది. ఆ అమ్మాయి ముందస్తుగా ఎక్కడా పెట్టలేదు. ఇస్తే చేరి తీరాలన్న షరతున్న చోటికి పెడితే, ఎవరెంత సాయమిస్తారో పోల్చుకునే వీలుండదని. "నాకు కనీసం ఏడవడానికి ఒక డిసెంబరు దొరికింది" అంది. ఆ మాట అనగలిగిన పిల్ల గురించి నాకు బెంగ సగం తగ్గింది.

తర్వాత అసలు సంగతి బయటపడింది.

దరఖాస్తులో తను రాసింది ఊరి పక్క వాగులో నీటి మురికిని కొలిచే చిన్న పరికరం గురించి. తనే తయారు చేసింది. నవంబరులో ఆకులు రాలి గొట్టానికి అడ్డుపడ్డాయి. ఆ తర్వాత చలికి డబ్బా పగిలింది. పదహారు రోజుల లెక్కలు పోయాయి. వేళ్లు కొంకర్లు పోతుంటే వాగులో దిగి బయటికి తీసింది, కొత్త డబ్బా కట్టింది.

"మరి ఇది రాయలేదేం?"

"పాడైందని ఎవరైనా రాస్తారా? నాన్న చదివితే..." అక్కడ ఆగిపోయింది. "నాన్న మూడు రోజుల నుంచి మామూలుగా మాట్లాడుతున్నాడు తాతయ్యా. తిన్నావా, పడుకో, కోటు వేసుకో. అరిస్తే బాగుండు. ఓక్ ట్రీ రోడ్డులో ఎవరో అంకుల్ కనిపిస్తే, ఏం అడుగుతాడోనని నాన్న నన్ను చూసి కారు అవతలి వీధిలో ఆపాడు. నాకు కాలేజీ కంటే అదే గుర్తొస్తోంది."

అప్పుడు నచికేతుడి కథ చెప్పాను. గీత వద్దంది గానీ కఠోపనిషత్తు వద్దనలేదు. తండ్రి వట్టిపోయిన ఆవుల్ని దానమిస్తుంటే చూసి, నన్నెవరికిస్తావని మూడుసార్లు అడుగుతాడు. విసిగి, మృత్యువుకిస్తానంటాడు తండ్రి. పిల్లవాడు వెళ్తాడు. యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఎదురుచూస్తాడు. వచ్చాక యముడు నొచ్చుకుని మూడు వరాలిస్తానంటాడు.

"చచ్చాక ఏముంటుందని అడుగుతాడు. నాకు తెలుసు."

"అది మూడోది. అందరూ దాన్నే చెబుతారు. మొదటిదేంటో తెలుసా?"

తెలియదంది.

"మా నాన్న మనసు కుదుటపడాలి, నా మీద కోపం పోవాలి, నేను తిరిగి వెళ్తే నన్ను గుర్తుపట్టి పలకరించాలి. మూడు రాత్రులు మృత్యువు వాకిట్లో కూర్చున్న పిల్లవాడు మొదట అడిగింది అది."

ఆ మాట చెప్పడానికి ముందు ఇన్నేళ్లలో నేనెప్పుడూ దాని గురించి నిలబడి ఆలోచించలేదు. తండ్రినయ్యాను, తాతనయ్యాను, ఎందరి పిల్లలకో మాస్టారినయ్యాను. ఫలితాల రోజున ఆ పిల్లల కళ్లు మొదట వెతికింది మా మొహాలనేనని ఇప్పుడనిపిస్తోంది.

"నేను యముణ్ణి కాదు, వరమివ్వలేను. కానీ మీ నాన్న కింద ఉన్నాడు. ఆ రాత్రి నేనన్న మాట తప్పని వాడికీ చెప్పాలి, నీకూ చెప్పాలి. నీకు చెప్పేశాననుకో."

ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత ఉత్తరం మొత్తం చెరిపి మొదటి వాక్యం రాసి నాకు చదివి వినిపించింది. నవంబరు 19 నుంచి పదహారు రోజుల పాటు నా దగ్గర లెక్కలు లేవు, అని మొదలైంది. కింద తండ్రికి చూపించింది. వాడు రెండుసార్లు చదివి, డబ్బా దేనితో కట్టావని అడిగాడు. వాళ్లిద్దరూ టార్చి లైటు తీసుకుని గరాజులోకి వెళ్లారు.

నిద్రపోయే ముందు మళ్లీ వచ్చింది.

"మార్చిలో కూడా కాదంటే?"

"అప్పుడు ఏడుద్దాం. ఇప్పుడే ముందుగా ఏడ్చి పెట్టుకున్నా అప్పుడేమీ తగ్గదు."

"అప్పటికి నువ్వుండవు కదా."

ఉండను. ఫిబ్రవరిలో మా ఆరు నెలలూ అయిపోతాయి. "మార్చి నెలాఖరులో ఇక్కడ సాయంత్రం ఏడంటే గుంటూరులో తెల్లవారుజామున నాలుగున్నర. నేను నాలుగింటికే లేస్తాను. ఏదొచ్చినా ఫోన్ చెయ్యి."

"ఏదొచ్చినానా?"

"ఏదొచ్చినా."