నీళ్ళలో వేసిన కొమ్మ ఎవరిది?

అలబామాలో ఉంటున్న ఒక మిత్రుడు ఆమధ్య ఫోన్లో తెగ వాపోయాడు. జనవరిలో జనం పారేసిన క్రిస్మస్ చెట్లు ఏరి, సిమెంటు ఇటుకలు కట్టి, అనుమతి తీసుకునే దగ్గర్లోని జలాశయంలో ముంచాడట. వసంతంలో గాలం పట్టుకుని వెళ్తే, సరిగ్గా అక్కడే ఇంకెవరిదో పడవ. పైగా ఆ పడవాయన చెయ్యి ఊపి పలకరించాడట. "నా చోట్లో కూర్చుని నాకే హలో చెప్తాడ్రా!" అన్నాడు. "అది నీ చోటు ఎప్పుడైంది?" అంటే, "చెట్లు మోసింది నేను కదా" అన్నాడు. నవ్వేశాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్లు కొన్ని దశాబ్దాలకు కుళ్ళిపోతాయి. అడుగు బోసిపోతుంది. అక్కడ కొమ్మలు వేస్తే వాటి మీద నాచు పడుతుంది. నాచుకి పురుగులు, పురుగులకి చిన్న చేపలు, వాటికోసం పెద్దవి చేరతాయి. ఇంత మేలు చేసినవాడికి ఏమీ రాదా?

ప్రకృతిలో ఉన్నదానికి నీ శ్రమ కలిపితే అది నీదవుతుందన్నాడు జాన్ లాక్, 17వ శతాబ్దంలో. మిగతావాళ్ళకీ సరిపడా మిగలాలని షరతు కూడా పెట్టాడు. 1974లో రాబర్ట్ నోజిక్ దీనిమీద ఒక చిలిపి ప్రశ్న వేశాడు: నా డబ్బాలోని టమాటా రసం సముద్రంలో పోస్తే, సముద్రం నాదైనట్టా, రసం పోగొట్టుకున్నట్టా? మావాడి చెట్లూ ఆ టమాటా రసం లాంటివే. పైగా జలాశయం ఎవరిదీ కానిది కాదు, అందరిదీ.

మరి నీళ్ళలో వదిలేశాక సంబంధం తెగిపోయినట్టేనా? 1972లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర, చేపలకు ఇల్లు కడుతున్నామనుకుని సముద్రంలో పాత టైర్లు వేయడం మొదలెట్టారు. దాదాపు 20 లక్షలు. కట్లు ఉప్పునీటికి తెగిపోయాయి. టైర్లు కదిలి పక్కనున్న సహజమైన పగడపు దిబ్బల్ని పాడుచేశాయి. 2007 నుంచి సైనిక డైవర్లు దిగి వాటిని పైకి తీయాల్సొచ్చింది. వేసినవాళ్ళది దురుద్దేశం కాదు. అందుకే ఏం వేయాలి, ఎంత లోతులో, పడవల దారికి ఎంత దూరంలో అన్న నియమాలు చాదస్తం కావు. వేసిన కొమ్మ మీద హక్కు రాదు, బాధ్యత మాత్రం పోదు.

ఇది అన్యాయంగా అనిపించొచ్చు. అలబామా సముద్రతీరంలో దీనికో మధ్యేమార్గం ఉంది. కేటాయించిన ప్రాంతంలో, తనిఖీ చేయించుకుని, ఎవరైనా సొంత ఖర్చుతో దిబ్బ ముంచుకోవచ్చు. ఆ చోటు లోకానికి చాటక్కర్లేదు. అలాగని అది సొంతమూ అయిపోదు.

రహస్యం బాగానే ఉంది గానీ, అక్కడా ఒక చిక్కుంది. ఇలాంటి ఆవాసాలు చేపల్ని పెంచుతాయా, లేక అటూ ఇటూ తిరిగేవాటిని ఒకచోట పోగేస్తాయా అన్నది శాస్త్రజ్ఞుల్లో పాత చర్చ. పోగేయడమే అయితే, రహస్యంగా వేసిన కొమ్మ పదిమంది చేపల్ని ఒకడి గాలం కిందికి తోలినట్టే. కాబట్టి నా మట్టుకు మర్యాద ఇదీ: వేసినవాడు ఆశ తగ్గించుకుని కొన్నే పట్టుకోవాలి. తర్వాత వచ్చినవాడు ముందున్నవాడి పడవ పక్కకి దూరకూడదు; వీలైతే వచ్చే జనవరిలో తనూ ఒక చెట్టు మొయ్యాలి.

ఇదంతా మావాడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మళ్ళీ వేస్తావా?" అన్నాను.

"వేస్తాలే. ఒక్కణ్ణే మొయ్యలేకపోతున్నా."

"ఆ చెయ్యూపినాయన్ని అడిగి చూడరాదూ?" అన్నాను.