దిక్కులేని పిల్లలను పరామర్శించుట

మూలవాక్యము: యాకోబు 1:27



మన పల్లెలలో ఒక ఇంట చావు సంభవించినప్పుడు మనము ఏమి చేయుదుము? పని మానుకొని ఆ ఇంటికి వెళ్లి అరుగుమీద కూర్చుందుము. చెప్పుటకు మాటలు దొరకకపోయినను కూర్చుందుము. పొరుగింటివారు అన్నము వండి తెత్తురు. దీనినే పరామర్శ యందుము. దేవుని యెదుట నిష్కళంకమైన భక్తి యేదో చెప్పవలసి వచ్చినప్పుడు యాకోబు ఉపవాసమును పేర్కొనలేదు, పాటలను పేర్కొనలేదు. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుటనే పేర్కొనెను.

సెమినరీలో మాకు గ్రీకు నేర్పిన అయ్యగారు ఈ మాటను గూర్చి ఒక సంగతి చెప్పిరి. రోగినైన నన్ను చూడవచ్చితిరని ప్రభువు మత్తయి 25వ అధ్యాయములో పలికిన చోటను, దేవుడు తన ప్రజలను దర్శించెనని జెకర్యా లూకా మొదటి అధ్యాయములో స్తుతించిన చోటను గ్రీకులో ఇదే క్రియ యున్నదట. దేవుడు మనలను దర్శించినది పరలోకమునుండి కానుక పంపి కాదు, తానే దిగి వచ్చి. నేను ఆ దినమున ఈ సంగతిని నోటుబుక్కులో వ్రాసికొంటిని. పరీక్షలోను వ్రాసితిని. కాని నేర్చుకొనలేదని తరువాత తెలిసినది. ఆ సంగతి చివర చెప్పెదను.

దిక్కులేని పిల్లల మాట వచ్చినప్పుడు మన సంఘములలో అందరికిని జ్ఞాపకము వచ్చు పేరు జార్జి ముల్లర్‌గారిది. ఆయన ఇంగ్లీషువాడు కాడు. 1805లో ప్రష్యాదేశములో పుట్టెను. బాల్యములో తండ్రిచేతిలోనున్న సర్కారు సొమ్మునే దొంగిలించినవాడు. 1825లో హాలె పట్టణములో ఒక ఇంటిలో జరిగిన చిన్న ప్రార్థన కూటమున ఆయన హృదయము మారెను. 1829లో ఇంగ్లండు వెళ్లి, 1832లో బ్రిస్టల్ పట్టణమునకు కాపరిగా వచ్చెను. ఆ యేటనే ఆ ఊరిలో కలరా వ్యాపించి అనేకులు చనిపోయిరి. వీధులలో తల్లిదండ్రులు లేని పిల్లలు తిరుగుచుండిరి.

1835 డిసెంబరు 5వ తేదీన ఆయన 81వ కీర్తన చదువుచు, నోరు తెరచినవానిని నింపెదనను దేవుని వాగ్దానము వద్ద ఆగెను. ఆ సాయంకాలమే మోకరించి ఒక ఇల్లును, వెయ్యి పౌనులును, పిల్లలను చూచుటకు తగిన మనుష్యులును కావలెనని అడిగెను. నాలుగు దినముల తరువాత కూటము పెట్టి తన తలంపును సంఘమునకు చెప్పెను. చందా పట్టలేదు. కూటమైన తరువాత ఒకరు పది షిల్లింగులిచ్చిరి. ఒక సహోదరి పిల్లల సేవకు తన్నుతాను ఇచ్చుకొనెను.

పాలబండి విరిగి ఆ పాలు అనాథ పిల్లలకు దొరకిన కథ మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలియును. నేను దానిని ఇక్కడ చెప్పను. ఆ కథకంటె ఎక్కువగా నన్ను కదలించిన వ్యక్తి ఒకతె యున్నది. ఆమె కుట్టుపని చేసికొని బ్రతుకు రోగిష్ఠి స్త్రీ. వారమునకు సగటున మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు మాత్రమే ఆమె సంపాదన. తండ్రి చనిపోగా అవ్వగారి ఆస్తినుండి ఆమె వంతుకు 480 పౌనులు వచ్చెను. తండ్రి త్రాగుబోతుతనమువలన చేసిన అప్పులుండగా, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు అప్పులవారికి రూపాయికి పావలా చొప్పున ఇచ్చి సరిపుచ్చిరి. ఈమె మాత్రము ఎవరికిని చెప్పక మిగిలిన దంతయు తీర్చెను. తల్లికి 100 పౌనులిచ్చెను. పిమ్మట అనాథగృహమునకు 100 పౌనులు పంపెను.

లెక్క వేయుడి. ఆ కాలమున పౌనుకు 20 షిల్లింగులు. ఆమె ఇచ్చినది తన సుమారు పదకొండు సంవత్సరముల కూలి! ముల్లర్‌గారు ఆ సొమ్ము చూచి సంతోషించి రసీదు వ్రాయలేదు. ఆవేశముతో ఇచ్చి తరువాత చింతించునేమోనని ఆమెను పిలిపించి చాలసేపు మాట్లాడెను. ప్రభువు తనకొరకు రక్తమంతయు కార్చియుండగా ఈ సొమ్ము ఎంతమాత్రమను భావముతో ఆమె స్థిరముగా ఉత్తరమిచ్చెను. ఇచ్చిన తరువాత ఆమె మరల సూదియు దారమును పట్టుకొనెను. కానుక పుచ్చుకొనుటకు ముందు ఇచ్చువారి క్షేమము విచారించు కాపరులు ఎందరు? నేనైతే పుచ్చుకొని స్తోత్రము చెప్పి పంపివేసి యుందును.

ఇల్లు దొరికెను, పాత్రలు వచ్చెను, దుప్పట్లు వచ్చెను, సేవకులును కుదిరిరి. పిల్లల దరఖాస్తులు తీసికొనుటకు 1836 ఫిబ్రవరి 3వ తేదీని నిర్ణయించి ముల్లర్‌గారు గుడి గదిలో కూర్చుండెను. రెండు గంటలు గడచెను. ఒక్కరును రాలేదు. అంత పెద్ద పట్టణములో అనాథలు లేకనా? ఇంటికి నడచి పోవుచు ఆయన తన్నుతాను పరీక్షించుకొనెను. సొమ్ముకొరకు ప్రార్థించెను, ఇంటికొరకు ప్రార్థించెను, సామానుకొరకు, సేవకులకొరకు ప్రార్థించెను. పిల్లలను పంపుమని మాత్రము ఒక్కసారియైన అడుగలేదు! వారు తామే వత్తురనుకొనెను. ఆ రాత్రి సిగ్గుతో దేవుని యెదుట సాగిలపడెను. మరునాడు మొదటి దరఖాస్తు వచ్చెను. ఏప్రిల్ నెలలో విల్సన్ వీధిలో ఆడపిల్లల గృహము తెరువబడెను.

ఆ తరువాతి సంగతులు మీరెరిగినవే. 1849లో ఊరి వెలుపల ఆష్లీ డౌన్ అను మెట్టమీద మొదటి పెద్ద గృహము 300 మంది పిల్లలకు తెరువబడెను. 1870 నాటికి అవి అయిదాయెను, రెండువేలమందికి పైగా చోటుండెను. 1898లో ఆయన నిద్రించునాటికి పదివేలమందికి పైగా పిల్లలు ఆ నీడలో పెరిగిరి. ఆయన ఎవరిని సొమ్ము అడుగలేదందుము, అది నిజమే. అయినను ఏటేట వృత్తాంతము అచ్చువేయించి పైసాకు పైసా లెక్క చూపెడివాడు. లెక్క చూపుట విశ్వాసమునకు విరోధమని తలంచు సంఘ కోశాధికారులు దీనిని గమనింతురుగాక. 1958లో ఆ గొప్ప కట్టడములు అమ్మబడెను. పిల్లలు చిన్న ఇండ్లలో కుటుంబమువలె పెరుగుట మేలని ఆ సంస్థవారు అంతకు ముందే గ్రహించుచు వచ్చిరి.

ఇదంతయు దూరదేశపు కథ యనుకొనవద్దు. 1834లో ముల్లర్‌గారు స్థాపించిన సంస్థ సొమ్ము బ్రిస్టల్‌లోనే ఆగలేదు. చైనాలో హడ్సన్ టేలర్‌గారికిని, ఇతర దేశములలోని సేవకులకును చేరుచుండెను. ముల్లర్‌గారి భార్య మేరీగారి అన్న ఆంథొని నోరిస్ గ్రోవ్స్‌గారు. విల్సన్ వీధి గృహము తెరువబడిన ఆ 1836లోనే గ్రోవ్స్‌గారు బౌడెన్, బీర్ అను ఇద్దరు చేతిపనివారిని కుటుంబములతో మన దేశమునకు తోడుకొని వచ్చెను. వారే నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసినవారు. సముద్రము దాటి వచ్చిన సొమ్ము వెనుక గొప్ప ధనవంతులే యున్నారని మన తలంపు. అట్టి కుట్టుపని స్త్రీల చేతులలోనుండి వచ్చినదియు దానిలో కలదు.

ఇప్పుడు నా సంగతి. కొన్ని యేండ్ల క్రిందట మా మాలపల్లెలో ఒక తల్లి చనిపోయెను. తండ్రి అంతకు ముందే లేడు. ఎనిమిదేండ్ల పాప, నాలుగేండ్ల బాబు అమ్మమ్మ చేతిలో మిగిలిరి. నేను భూస్థాపన చేసి, ప్రార్థన చేసి, ఆ వారమే ఒక బోర్డింగుకు ఉత్తరము వ్రాసితిని. ఖాళీ లేదని జవాబు వచ్చెను. మరియొక చోటికి వ్రాసితిని. ఫోటోలు పంపుమనిరి, పరదేశములో సహాయము చేయువారు దొరకిన తెలియజేతుమనిరి. ఫోటోలు పంపితిని. నా పని అయినదనుకొంటిని. ప్రతి ఆదివారము ఆ పిల్లల పేర్లు చెప్పి ప్రార్థించితిని కూడ. ఆరు నెలలలో వారి గడప ఒక్కసారియైన త్రొక్కలేదు.

ముల్లర్‌గారు ఖాళీ గదిలో రెండు గంటలు కూర్చున్న సంగతి మరల చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు సాయంకాలము వెళ్లితిని. చీకటి పడినది. ఇంటిలో దీపము లేదు. పాప తమ్ముని ఒడిలో పెట్టుకొని గడపలో కూర్చుండి యుండెను. కొంతసేపటికి ముసలామె పొలమునుండి వచ్చెను. బోర్డింగువారు ఇంకను ఏమియు వ్రాయలేదని నేను చెప్పబోగా ఆమె ఇట్లనెను: "పిల్లల్ని ఎక్కడికీ పంపను అయ్యగారూ. గింజలకి దేవుడే దారి చూపిస్తున్నాడు. నాట్లకెళ్లి నేనొచ్చేసరికి పొద్దుపోతుంది. అప్పటిదాకా ఎవరైనా వీళ్ల దగ్గర కూర్చుంటే చాలు."

ఆరు నెలలు నేను సముద్రము అవతల వెదకినది ఇది కాదు. ఆమె నన్ను అడుగనే లేదు, నేను అడుగలేదు గనుక.

ఆదివారము ఆరాధన అయిన తరువాత ఈ మాట సంఘమునకు చెప్పితిని, నా తప్పును కూడ చెప్పితిని. పెద్దలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. వెనుక వరుసలో కూర్చున్న ఒక విధవరాలు, బీడీలు చుట్టుకొని బ్రతుకునామె, లేచి, "నా చాట అక్కడికే తీసుకెళ్లి కూర్చుంటాను అయ్యగారూ, ఎక్కడ చుట్టినా బీడీయేగా" అనెను. ఆ సాయంకాలము నేను అటు పోవుచుండగా ఆ ఇంట దీపము వెలుగుచుండెను. పాప పలకమీద ఎక్కాలు వ్రాయుచుండెను. బాబు ఆమె చాటలోని దారపు ఉండను దొర్లించుచుండగా ఆమె వానిని కోపపడుచుండెను.