హరమ్‌లో ఆమె చేయి విడిచిపెట్టకండి



కాబా గృహాన్ని కళ్ళారా చూడాలన్న కోరిక లేని ముస్లిం ఇల్లు ఉండదు. ఆ కోరిక కోసం చీటీలు కట్టేవారున్నారు, ఆడబిడ్డల పెళ్ళిళ్ళయ్యాక మిగిలిన నాలుగు రూపాయలు మూటగట్టి దాచుకునేవారున్నారు. ఇన్నేళ్ళ ఎదురుచూపు తర్వాత భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళే భాగ్యం దొరికితే అంతకన్నా ఏం కావాలి? కాని అలా వెళ్ళివచ్చిన ఒక సోదరుడు ఆ మధ్య మా దగ్గరికి వచ్చి తల దించుకుని కూర్చున్నారు. జమ్‌జమ్ నీళ్ళూ, ఖర్జూరాలూ మా ముందుంచి, చాలాసేపటికి నోరు విప్పారు.

“మౌలానా, మా ఉమ్రా ఖుబూల్ అయిందంటారా?”

విషయమేమిటని అడిగాం. ఆయన శ్రీమతికి మొదటి నుంచీ గుంపు అంటే భయం. పెళ్ళి విందుల్లో కూడా గోడవారగా, తలుపు దగ్గరే కూర్చుంటుంది. మక్కా చేరిన రాత్రి జనం కాస్త పలచగా ఉన్న వేళ ఇద్దరూ ఉమ్రా పూర్తిచేసుకున్నారు. మర్నాడు మగ్రిబ్ తర్వాత నఫిల్ తవాఫ్‌కు దిగారు. రెండో చుట్టులో ఆమె, “ఏవండీ, ఊపిరి ఆడటం లేదు, పక్కకు వెళ్దాం” అంది. ఆయన, “ఇంత దూరం వచ్చి హజ్రె అస్వద్‌ను ముద్దాడకుండా పోతామా? నీకు ఈమాన్ తక్కువ, అందుకే ఈ భయం” అని ఆమె చేయి పట్టుకుని గుంపులోకి లాగారు. ఆ తోపులాటలో చేయి జారిపోయింది. ఆయన ముందుకే వెళ్ళారు. రాయిని ముద్దాడారు కూడా. రెండు గంటలు వెతికితే ఆమె ఒక స్తంభం వెనుక, మోకాళ్ళ మీద తల పెట్టుకుని వణుకుతూ కనిపించింది. మిగిలిన రోజులన్నీ ఆమె గదిలోనే నమాజు చేసుకుంది. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రయాణం మాట ఎత్తడం లేదు.

ఆ సోదరుడికి మేము చెప్పిందే ఇక్కడ అందరి కోసం రాస్తున్నాం. ఎందుకంటే ఇది ఒక్క ఇంటి విషయం కాదు.

భయం ఈమాన్ లోపం కాదు

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. గుంపులో ఊపిరాడకపోవడం, గుండె దడ పుట్టడం, కాళ్ళు వణకడం మనిషి శరీరానికి, మనసుకు సంబంధించిన బలహీనత. కొందరికి ఎత్తులంటే భయం, కొందరికి చీకటి అంటే భయం. ఇది కూడా అలాంటిదే. దీన్ని విశ్వాస బలహీనత అనడానికి మనకు హక్కు లేదు. అల్లాహ్ ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం మోపడని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 286) చెబుతోంది. అల్లాహ్ మోపని భారాన్ని మోపడానికి భర్త ఎవరు?

పైగా ఈ భయానికి ఆధారం లేదని కూడా అనలేం. 1990లో మినాకు వెళ్ళే సొరంగ మార్గంలో జరిగిన తొక్కిసలాటలో 1,426 మంది యాత్రికులు చనిపోయారు. 2006 జనవరిలో జమరాత్ వంతెన దగ్గర 346 మంది ప్రాణాలు కోల్పోయారు. 2015 సెప్టెంబర్ 24న మినాలో జరిగిన దుర్ఘటనలో అధికారిక లెక్క 769 కాగా, వివిధ దేశాలు తమవారి గురించి చెప్పిన సంఖ్యలు కలిపితే రెండు వేలు దాటాయి. అల్లాహ్ వారందరినీ మన్నించుగాక! 2006 దుర్ఘటన తర్వాత జమరాత్ వద్ద పలు అంతస్తుల కొత్త వంతెన కట్టారు. రాకపోకలకు వేర్వేరు దారులు, సమయాలు ఏర్పాటు చేశారు. అంటే గుంపులో ప్రమాదం ఉందని బాధ్యత గలవారంతా ఒప్పుకున్నట్లే. మరి ఇంటి ఇల్లాలు అదే మాట అంటే వెక్కిరించడం న్యాయమా?

సహాబియాత్‌లకు దొరికిన వెసులుబాటు

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) చేసిన హజ్ యాత్రను గమనించండి. ముజ్దలిఫా రాత్రి విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ సౌదా (రజి), జనం ఒక్కసారిగా విరుచుకుపడక ముందే తాను బయలుదేరతానని అనుమతి అడిగారు. ఆమె భారీ శరీరం గలవారు, మెల్లగా నడిచేవారు. దైవప్రవక్త (స) వెంటనే అనుమతించారు. తర్వాతి కాలంలో హజ్రత్ ఆయిషా (రజి), తాను కూడా ఆమెలాగే అనుమతి అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని అనుకునేవారు (బుఖారీ, ముస్లిం). అడిగిన కారణమేమిటో చూశారా? గుంపు! ఆ కారణాన్ని దైవప్రవక్త (స) తోసిపుచ్చలేదు, చిన్నబుచ్చలేదు.

అదే యాత్రలో హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అనారోగ్యంగా ఉందని చెప్పుకున్నారు. జనం వెనుకగా, వాహనం మీద కూర్చుని తవాఫ్ చేయమని ఆయన (స) దారి చూపారు (బుఖారీ). ఈనాడు పై అంతస్తులో చక్రాల కుర్చీలో తవాఫ్ చేసే మన అమ్మలకు ఈ హదీసే ఊరట.

ఇక హజ్రత్ ఆయిషా (రజి) తవాఫ్ ఎలా చేసేవారు? పురుషుల గుంపులో కలవకుండా, దూరంగా ఒక పక్కగా చేసేవారు. ఒకసారి ఒక స్త్రీ, హజ్రె అస్వద్‌ను తాకుదాం రమ్మని పిలిస్తే ఆమె వెళ్ళడానికి నిరాకరించారు (బుఖారీ). హజ్రత్ ఆయిషా (రజి) కంటే ఈమాన్ గల స్త్రీ మన ఇళ్ళలో ఉందా? రాయిని తాకకపోయినా ఆమె తవాఫ్‌కు లోటు రాలేదు కదా!

సున్నత్ కోసం హరామ్ చేయవచ్చా?

హజ్రె అస్వద్‌ను ముద్దాడటం సున్నత్, గొప్ప భాగ్యం. అందులో సందేహం లేదు. కాని తోటి ముస్లింను బాధించడం హరామ్. ఒక సున్నత్ కోసం హరామ్‌కు ఒడిగట్టడం ఏ లెక్కన లాభం? హజ్రత్ ఉమర్ (రజి) బలాఢ్యులు. ఆ బలంతో రాయి దగ్గర తోసుకువెళ్ళి బలహీనులను బాధపెట్టవద్దనీ, ఖాళీ దొరికితే తాకమనీ, లేకుంటే దానివైపు తిరిగి తక్బీర్ పలికి సాగిపొమ్మనీ దైవప్రవక్త (స) ఆయనకు బోధించారు (ముస్నద్ అహ్మద్). స్వయంగా ఆయన (స) ఒంటె మీద తవాఫ్ చేసినప్పుడు, రాయి ఎదుటికి వచ్చిన ప్రతిసారీ చేతిలోని వస్తువుతో సైగ చేసి తక్బీర్ పలికారు (బుఖారీ). అరఫాత్ నుంచి బయలుదేరినప్పుడు వెనుక ఒంటెలను అదిలిస్తూ కొడుతున్న శబ్దం వినిపిస్తే, ప్రశాంతంగా ఉండమనీ, పుణ్యం పరుగులో లేదనీ ప్రజలను వారించారు (బుఖారీ).

మా దగ్గరికి వచ్చిన సోదరుడు చేసింది నఫిల్ తవాఫ్. అందులో కోరింది ఒక సున్నత్. కాని కోల్పోయింది భార్య హక్కు. ఆమెను గుంపులోకి లాగడం ఒక తప్పు, చేయి జారాక వెనుదిరగకపోవడం రెండో తప్పు, ఆమె ఈమాన్‌ను నిందించడం మూడో తప్పు. హజ్‌లో తగవులాటకు తావు లేదని అల్లాహ్ ఆదేశించాడు (అల్ బఖరా: 197). ఉమ్రాకు వెళ్ళినవారు ఆ మర్యాదను పక్కన పెట్టవచ్చునా?

దైవప్రవక్త (స) ప్రయాణంలో భర్తగా ఎలా ఉండేవారు?

హజ్ ప్రయాణంలో సరిఫ్ అనే చోట హజ్రత్ ఆయిషా (రజి) ఏడుస్తూ కూర్చున్నారు. ఆమెకు నెలసరి వచ్చింది. ఉమ్రా చేయలేకపోతున్నానని బాధ. దైవప్రవక్త (స) విసుక్కోలేదు. ఇది ఆదం కుమార్తెలందరికీ అల్లాహ్ రాసిపెట్టినదేనని ఓదార్చి, ఏం చేయాలో చెప్పారు. హజ్ ముగిశాక కూడా ఆమె మనసు కుదుటపడకపోతే, సోదరుడు అబ్దుర్రహ్మాన్ (రజి)ను తోడిచ్చి, తన్ఈమ్ నుంచి ఉమ్రా చేసి రమ్మని పంపారు. వేల మంది ఆయన వెంట ఉన్నారు. అయినా ఒక భార్య మనసు కోసం ఆగారు. ఆయన (స) మెత్తని స్వభావం గలవారనీ, ఆమె ఏదైనా కోరితే దానికి ఒప్పుకునేవారనీ హజ్రత్ జాబిర్ (రజి) ఈ సందర్భంలోనే తెలిపారు (ముస్లిం).

ఖైబర్ నుంచి తిరిగివచ్చేటప్పుడు హజ్రత్ సఫియ్యా (రజి) ఒంటె ఎక్కడానికి ఆయన (స) తన మోకాలిని ఆసరాగా ఉంచారు. ఆమె ఆ మోకాలి మీద పాదం మోపి ఎక్కారు (బుఖారీ). సేనకు నాయకుడు, అల్లాహ్ ప్రవక్త, అందరూ చూస్తుండగా మోకాలు వంచారు! మనకు మాత్రం భార్య కోసం పది నిమిషాలు ఒక స్తంభం పక్కన ఆగడం నామోషీ.

బయలుదేరే ముందు, అక్కడికి చేరాక

భయం ఉంది కాబట్టి ఫర్జ్ అయిన హజ్‌నే మానుకోవాలా? అలా కాదు. స్తోమత, ఆరోగ్యం ఉన్నవారికి అది అల్లాహ్ పట్ల బాధ్యత. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలన్నది దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి (తిర్మిజీ). కనుక ఏర్పాట్లు చేసుకోవాలి.

సోదరీమణులారా, మీ భయాన్ని దాచుకోకండి. ప్రయాణానికి ముందే భర్తకు చెప్పండి. ఊపిరాడనంత తీవ్రంగా ఉంటే వైద్యుడికి చూపించుకోండి. చికిత్స పొందడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. సోదరులారా, మీరు ఆమెను ముందే అడిగి తెలుసుకోండి. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్న నిర్ణయం ఆమె చేతికే ఇవ్వండి. వెనుదిరిగే దారి ఉందన్న ధైర్యమే సగం భయాన్ని పోగొడుతుంది. కొన్ని ఇళ్ళలో భయం భర్తది, ధైర్యం భార్యది. అక్కడ ఈ మాటలే ఆమెకు వర్తిస్తాయి.

ఉమ్రాకు సమయం ఎంచుకునే అవకాశం మన చేతిలో ఉంటుంది. రమజాన్ ఉమ్రాకు గొప్ప పుణ్యముంది, కాని చివరి పది రోజుల్లో జనం విపరీతం. గుంపుకు తట్టుకోలేనివారు వేరే నెలలో వెళ్ళడం తప్పు కాదు. తవాఫ్‌కు జనం తక్కువగా ఉండే వేళ చూసుకోండి. అంచున నడవండి, లోపలికి చొచ్చుకుపోకండి. ఇరుకైతే పై అంతస్తులో చేయండి. అక్కడ నడక ఎక్కువ, కాని గాలి ఆడుతుంది, తవాఫ్ చెల్లుతుంది. చుట్టుల మధ్య అలసిపోతే కాసేపు ఆగి, ఆపిన చోటి నుంచి కొనసాగించవచ్చు. జమాఅత్ నమాజుకు కాస్త ముందే వెళ్ళి, జనమంతా పలచబడ్డాక లేవండి. మస్జిదుల్ హరామ్ ద్వారాలకు నంబర్లుంటాయి. విడిపోతే ఏ నంబరు ద్వారం బయట కలుసుకోవాలో ముందే అనుకోండి. బస పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఆమె దగ్గర ఉంచండి.

హజ్‌లో అయితే రాళ్ళు రువ్వడానికి మీ బృందానికి కేటాయించిన వేళను పాటించండి. ముజ్దలిఫా నుంచి బలహీనులకున్న వెసులుబాటును వాడుకోండి. వృద్ధాప్యం, అనారోగ్యం వల్ల నిజంగా వెళ్ళలేనివారి తరఫున మరొకరు రాళ్ళు రువ్వవచ్చు. ఎవరికి ఏది వర్తిస్తుందో బయలుదేరే ముందే ధర్మ పండితులను అడగండి.

మదీనాలో రియాజుల్ జన్నాలో నమాజు అందరి కోరిక. ఇప్పుడు దానికి నుసుక్ యాప్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి, స్త్రీ పురుషులకు వేళలు వేరు. ఆమె ఆ వరుసలో నిలబడలేకపోతే బలవంతం చేయకండి. మస్జిదె నబవీలో ఏ మూల చేసిన నమాజైనా, మస్జిదుల్ హరామ్ తప్ప ఇతర మస్జిదుల్లో చేసే వెయ్యి నమాజుల కన్నా శ్రేష్ఠమని హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). హిరా గుహ ఎక్కడం హజ్‌లోనూ, ఉమ్రాలోనూ భాగం కాదు. బస్సులో అందరూ వెళ్తున్నారని ఆమెను గుట్ట ఎక్కించకండి. తాజ్‌మహల్‌కో, చార్మినార్‌కో తీసుకువెళ్ళినా ఇదే మర్యాద. చూడవలసినదాని కన్నా వెంట వచ్చిన మనిషి ముఖ్యం.

అప్పు తీర్చుకోండి

ఆ సోదరుడికి చివరగా ఇలా చెప్పాం: “మీ ఉమ్రా విధులు మొదటి రాత్రే పూర్తయ్యాయి. ఖుబూల్ చేసేది అల్లాహ్. కాని మీ మీద ఒక అప్పు మిగిలి ఉంది. అల్లాహ్ తన హక్కు మన్నిస్తాడు. దాసుల హక్కు విషయంలో మాత్రం ఆ దాసులనే క్షమాపణ అడగాలి. ఇంటికి వెళ్ళి ఆమెను అడగండి. సాకులు చెప్పకండి.”

వారం తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. అడిగారట. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, “నేను గుంపుకు అంత భయపడలేదండీ. మీరు వెనక్కి తిరిగి చూడలేదే, దానికి భయపడ్డాను” అందట. ఆ మాట చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరూ మళ్ళీ డబ్బు దాచడం మొదలుపెట్టారు. ఈసారి సమయం ఆమే నిర్ణయిస్తుందట.

దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు (అర్ రూమ్: 21). కాబా చుట్టూ తిరిగేటప్పుడు ఆ సూచన మన చేతిలో చేయి వేసుకుని నడుస్తూ ఉంటుంది. దాన్ని విడిచిపెట్టి మనం ఏ పుణ్యం వైపు పరుగెత్తగలం?

ఓ అల్లాహ్! మా దంపతులకు నీ గృహాన్ని దర్శించే భాగ్యాన్ని ప్రసాదించు. మా బలహీనులకు ధైర్యాన్ని, మా బలవంతులకు దయను ప్రసాదించు. మేము ఒకరినొకరం బాధించకుండా నీ సన్నిధికి చేరేలా చేయి. ఆమీన్.