సంస్కారం అంటే ఏమిటి, బిడ్డా

బిడ్డా, చదువు కోసం నాందేడ్ పోతున్నావు. హాస్టల్‌లో తెలియని మనుషుల నడుమ ఉండాలి. అక్కడ "ఆ పిల్లకు సంస్కారం లేదు" అని ఎవరో ఎవరినో అంటారు, ఒక్కోసారి నిన్నే అంటారు. అందుకే ఆ మాట లోతు తెలిసి వెళ్లు.

మన మర్ఖేల్‌లో మరాఠీ, తెలుగు రెండూ వింటూ పెరిగినదానివి. మరాఠీలో పిల్లల మీద మంచి సంస్కారాలు 'చేయాలి' అంటారు. తెలుగులో సంస్కారం 'ఉన్న' మనిషి అంటాం. అక్కడ అది పెద్దలు చేసే పని, ఇక్కడ మనిషిలో నిలిచిన గుణం. రెండూ నిజమే. పని జరిగితేనే గుణం నిలుస్తుంది.

మాట సంస్కృతం నుంచి వచ్చింది. 'సమ్' అంటే చక్కగా, 'కృ' అంటే చేయడం. నడుమ ఆ సకారం ఎందుకు చేరిందో పాణిని చెప్పాడు: అలంకరించడమనే అర్థంలో, ఒకచోట కూడడమనే అర్థంలో. సంస్కృతం అనే పేరు కూడా ఇక్కడిదే. ఏది జరిగితే ఒక వస్తువు ఒక ప్రయోజనానికి తగినదవుతుందో అదే సంస్కారమని మీమాంసలో శబరస్వామి వివరించాడు. ఉన్నదానిలో వేరే గుణం కలిగించడమే సంస్కారమని చరక సంహిత అంటుంది. నీళ్లు, నిప్పు, కడగడం, చిలకడం, చోటు, కాలం అందుకు సాధనాలట. మన వంటింట్లో గట్టి బియ్యం మెత్తని అన్నమయ్యేది అట్లాగే కదా.

ఇక నామకరణం, అన్నప్రాశన, పెళ్లి వంటి కర్మలనూ సంస్కారాలే అంటారు. పదహారని మనం అనుకుంటాం. గౌతమ ధర్మసూత్రం యజ్ఞాలు కూడా కలిపి నలభై లెక్కపెట్టింది. వాటి తర్వాత ఆత్మగుణాలు ఎనిమిది చెప్పింది: సర్వప్రాణుల మీద దయ, ఓర్పు, అసూయ లేకపోవడం, శుచి, ఒంటిని హింసపెట్టుకోకపోవడం, మంచి నడత, దైన్యం లేకపోవడం, దురాశ లేకపోవడం. నలభై కర్మలూ జరిగినా ఈ ఎనిమిదీ లేనివాడికి పరమగతి లేదంది. కర్మలు కొన్నే జరిగినా ఈ గుణాలున్నవాడికి ఉందంది. కర్మలను అంత వివరంగా రాసిన గ్రంథమే ఈ మాట అనడం చూడు!

కాబట్టి బిడ్డా, ఎవరి కులాన్నో, బట్టనో, యాసనో చూసి సంస్కారం లేదనకు. తన తప్పు దిద్దుకోవడానికి పుట్టిన మాటను ఎదుటివాళ్లను కొట్టడానికి వాడొద్దు. నిన్నెవరైనా అంటే, అందులో నిజముంటే దిద్దుకో. లేకపోతే ఓర్చుకో, కానీ తల దించుకోకు. దైన్యం లేకపోవడమూ ఆ ఎనిమిదిలో ఉంది. పరీక్షల కోసం తిండి, నిద్ర మానకు. ఒంటిని బాధపెట్టే చదువు గొప్పదేమీ కాదు. తోటి పిల్లకు నీకంటే ఎక్కువ మార్కులొస్తే మనస్ఫూర్తిగా మెచ్చుకో. మెస్‌లో వడ్డించేవాళ్లతో, గది ఊడ్చేవాళ్లతో మర్యాదగా మాట్లాడు.

మేము చేయగలిగింది చేశాం. ఇక నీకు నువ్వే చేసుకోవాలి, రోజూ కొంచెం కొంచెం. నువ్వు చేసుకోగలవన్న నమ్మకంతోనే పంపుతున్నాం. చల్లగా ఉండు, తల్లీ.