ద్వీపయాత్ర: విహారమా, తీర్థమా?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం సీమలో దూరప్రయాణం వేరుశనగ పంటను బట్టి సాగుతుంది. కాయ ఇల్లు చేరాకే రామేశ్వరం మాట. పాంబన్ ద్వీపంలోని ఈ క్షేత్రానికి 1914 నుంచి రైలుదారి ఉంది. భక్తులు ఆలయంలోని 22 తీర్థాల్లో స్నానం చేసి రామలింగాన్ని దర్శిస్తారు.

సముద్రం చూడాలన్న సరదా కలిస్తే పుణ్యం తగ్గుతుందా? తగ్గదనే అనుకోవాలి. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవారికే తీర్థఫలమని మహాభారత వనపర్వం చెబుతుంది. సముద్రాన్ని చూసి మురిసిపోవడం ఆ అదుపును చెడగొట్టదు. యజ్ఞం చేసే స్తోమత లేని పేదలకు తీర్థయాత్ర ఉందని కూడా అక్కడే చెప్పారు. కరువు సీమకు ఎంత ఆదరమైన మాట! ఉన్నదానితో తృప్తిపడటమూ అందులో షరతే కనుక, అప్పుచేసి బయలుదేరడం ఆ భావానికి సరిపడదు. విత్తనాల డబ్బు పక్కన పెట్టాక మిగిలినదే యాత్ర ఖర్చు.