మావయ్యా, అది శివుడి ఆటా?

మా బావగారి పెద్దకర్మ అయిన రాత్రి, చుట్టాలంతా బస్సులెక్కాక, మేనల్లుడు డాబా మీదికొచ్చాడు. "మావయ్యా, తుపాకుల ఆటలు ముట్టుకోబుద్ధి కావడం లేదు. కథ ఉన్నదేదైనా చెప్పు" అన్నాడు. మేమిద్దరం పాయింట్ అండ్ క్లిక్ కంప్యూటర్ ఆటల పిచ్చివాళ్ళం. వాడికి పదేళ్ళప్పుడు మంకీ ఐలాండ్ ఆడించింది నేనే. "ద షివా ఆడు" అన్నాను.

"శివుడి ఆటా?"

కాదు. అది హీబ్రూ మాట. ఏడు అని అర్థం. దగ్గరివాళ్ళు పోతే యూదులు ఏడు రోజులు ఇల్లు కదలకుండా, పొట్టి పీటల మీద కూర్చుని శోకం పాటిస్తారు. ఇంటివాళ్ళు నోరు విప్పేదాకా పరామర్శకు వచ్చినవాళ్ళు పలకకూడదని వాళ్ళ ఆచారం. మా ఇంట్లో చెప్పులు విడుస్తూనే ఒకరు పూర్వజన్మ కర్మ అన్నారు. మంచివాళ్ళనే దేవుడు తొందరగా పిలుచుకుంటాడని ఇంకొకరు. మేనల్లుడు అన్నిటికీ తలూపాడు. గరుడపురాణంలో జీవుడు యమపురికి ఏడాది పాటు నడుస్తాడన్న చోట మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. "ఎవరినీ ఒక్క మాట అనని మనిషి అంత దూరం ఎందుకు నడవాలి?" అని నన్నే అడిగాడు.

నిజానికి నాకు ముందు తట్టింది గ్రిమ్ ఫాండాంగో. 1998లో టిమ్ షేఫర్ చేసిన ఆట. మెక్సికోవాళ్ళ మృతుల పండగ చుట్టూ అల్లిన కథ. అందులోనూ చచ్చినవాళ్ళు నాలుగేళ్ళు నడవాలి. పుణ్యం చేసుకున్నవాళ్ళకు మాత్రం తొమ్మిదో నంబరు రైలుకు టికెట్ దొరుకుతుంది. ఆ నాలుగేళ్ళ దారి నాలుగు నిమిషాల్లో దాటిపోతారు. మెచే అనే ఆవిడ బతుకంతా మంచే చేసింది, అయినా ఆమె పేరున టికెట్ రాదు. మంచివాళ్ళ టికెట్లు ఎవరో కాజేస్తున్నారు. అద్భుతమైన ఆట. కానీ అందులో దొంగ దొరుకుతాడు, లెక్క సరిపోతుంది. బస్టాపులో నిలబడ్డ బావగారి గుండె ఆగిపోతే దొంగ ఎవరని వెతుకుతాం? అందుకే ఆ రాత్రి దాని పేరెత్తలేదు.

షివా చాలా చిన్నది. డేవ్ గిల్బర్ట్ 2006లో ఒక పోటీ కోసం నెల రోజుల్లో చేశాడు. 2013లో బొమ్మలూ సంగీతమూ మార్చి మళ్ళీ తెచ్చారు. న్యూయార్క్‌లో ఒక పాత ప్రార్థనామందిరం. బల్లలన్నీ దాదాపు ఖాళీ. అక్కడి యూదు మతగురువు, రబ్బీ రసెల్ స్టోన్‌కు దేవుడి మీద నమ్మకం సన్నగిల్లింది, మందిరం నడపడానికి డబ్బులూ లేవు. అప్పుడొక పోలీసు వస్తాడు. జాక్ లాడర్ అనే అతన్ని ఎవరో చంపేశారట; అతను పోతూ తన డబ్బు ఈ రబ్బీ పేరున రాశాడట. జాక్ ఒకప్పుడు ఈ మందిరానికి వచ్చినవాడే. రాజశ్రీ అనే మన దేశపు అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానంటే, ఆమె యూదు కాదు గనక ఆ పెళ్ళి చేయించనన్నాడు స్టోన్. శాస్త్రం ప్రకారం ఆయన తప్పేమీ లేదు. ఆ తప్పులేనితనాన్ని మోసుకుంటూ ఆయన ఇప్పుడు రాజశ్రీ గుమ్మం తొక్కాలి. ఆ తలుపు కొట్టించాల్సింది మన వేలే. ఆటకూ సినిమాకూ తేడా అక్కడే.

ఇందులో మనకు దొరికే పనిముట్టు ఎక్కువగా మాటే. ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు రకరకాల జవాబుల్లో 'రబ్బీ జవాబు' అని ఒకటుంటుంది. అది నొక్కితే స్టోన్ ప్రశ్నకు ప్రశ్నతోనే బదులిస్తాడు. మొదట నవ్వొస్తుంది. తర్వాత బైబిల్లో యోబు గుర్తొస్తాడు. ఏ పాపం చేశానని నాకీ కష్టాలు అని అతను అడిగితే, దేవుడు సుడిగాలిలోంచి పలికినవన్నీ దాదాపు ప్రశ్నలే. జవాబు లేనిచోట ఉన్నట్టు నటించకపోవడం కూడా భక్తేనని నాకు అనిపించింది. మా పరామర్శల్లో కరువైంది అదే.

ఇంతవరకూ మేనల్లుడికి చెప్పాను. చెప్పనిది ఒకటుంది. మా అక్కది కులాంతర వివాహం. 1992లో రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. వెళ్తే కాళ్ళు విరగ్గొడతానన్నారు నాన్న. నేను ట్యూషన్ ఉందని చెప్పి గోదావరి గట్టు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. పదిహేడేళ్ళ తర్వాత నా కంటి ఆపరేషన్‌కు డబ్బు చాలకపోతే బావగారు ఖాకీ కవరులో నలభై వేలు తెచ్చి దిండు కింద పెట్టి వెళ్ళారు. పాత మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నాలుగో రోజు వాడి ఫోనొచ్చింది. ఆట ఎలా ఉందో చెప్పలేదు. "అమ్మ పెళ్ళికి నువ్వెందుకు రాలేదు మావయ్యా?" అన్నాడు.

'ఇప్పుడెందుకురా అది?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అచ్చం రబ్బీ జవాబే. మింగేసి, "భయపడ్డాను. నాన్నకి. తర్వాత నేను చేసిందే ధర్మమనుకున్నాను" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. ఈసారి ముందుగా నేనూ పలకలేదు. కాసేపటికి, "నాన్నకి ఇది చెప్పావా?" అన్నాడు. లేదన్నాను.

మంచివాళ్ళకు చెడు ఎందుకు జరుగుతుందో ఆ ఆట చెప్పదు, నేనూ చెప్పలేను. ఒకటి మాత్రం తేలింది. దేవుణ్ణి అడిగినదానికి తిరిగి ప్రశ్నే వచ్చినా సర్దుకోవచ్చు. మనిషిని మనిషి అడిగితే జవాబు చెప్పి తీరాలి, అడిగినవాళ్ళు బతికుండగానే.

షివా రెండు మూడు గంటల్లో అయిపోతుంది. పాత కంప్యూటరైనా చాలు. ఎవరికైనా దాన్ని ఆడమని చెప్పే ముందు, వాళ్ళు మిమ్మల్ని ఏమడగవచ్చో ఒకసారి ఆలోచించుకోండి.